సామాను లారీ ఎక్కే ముందు

ఒక కుటుంబం ఒక ఊరి నుంచి మరొక ఊరికి కాపురం మార్చినప్పుడు, ఆ ఇంటి వస్తువులన్నింటినీ కట్టి, మోసి, బండికెత్తి, కొత్త ఇంట్లో దించి, విప్పి, తిరిగి అమర్చే పనిని మొత్తంగా ఒప్పుకొని చేసే సంస్థలను తెలుగునాట అందరూ ప్యాకర్స్ అండ్ మూవర్స్ అనే పిలుస్తున్నారు. ఆ పేరులో వినిపించేవి రెండు పనులే అయినా, నిజానికి అందులో నాలుగు వృత్తులు కలిసి ఉన్నాయి: వస్తువులకు దెబ్బ తగలకుండా కట్టే పని, హమాలీల మోత పని, లారీ రవాణా, మంచాలూ ఏసీలూ విప్పి బిగించే మెకానిక్కు పని. సామాను కొన్నాళ్లు గోదాములో ఉండవలసి వస్తే వాటికి అయిదవది కూడా తోడవుతుంది. ఒక తరం కిందటి వరకు వీటినన్నింటినీ కుటుంబమే విడివిడిగా కుదుర్చుకునేది. అడ్డా మీద హమాలీలను మాట్లాడుకుని, లారీ ఆఫీసులో బండి కుదుర్చుకుని, గిన్నెలను గోనెసంచుల్లోనూ గాజు సామానును పాత చీరల మధ్య వరిగడ్డిలోనూ కట్టుకుని, ఇంటి మగవారిలో ఒకరు డ్రైవరు పక్కన కూర్చుని ప్రయాణం చేసేవారు.

ఆ శ్రమంతా తప్పి, అన్ని పనులనూ ఒకే సంస్థ ఒకే ధరకు ఒప్పుకోవడం వల్ల కుటుంబానికి దక్కే సుఖం నిజమైనదే. అయితే పాత పద్ధతిలో ఇంటి మనిషి కన్ను ప్రతి దశలోనూ సామాను మీద ఉండేది. కొత్త పద్ధతిలో ఆ కన్ను లారీ తలుపు మూసిన క్షణంతో ఆగిపోతుంది. పెళ్లినాటి బీరువా, పిల్లల పుస్తకాలు, అమ్మమ్మ ఇచ్చిన ఇత్తడి గంగాళం, నిన్నగాక మొన్న వాయిదాల మీద కొన్న టీవీ, ఇవన్నీ కొన్ని రోజుల పాటు పరాయి చేతుల సంరక్షణలో ఉంటాయి. కనుక ధర ఎంత అన్న ప్రశ్న కంటే, పూచీ ఎవరిది, ఎంతవరకు, ఏ కాగితం మీద అన్న ప్రశ్న ముందు రావాలి.

తెలుగు రాష్ట్రాలలో ఈ అవసరం ఎంత విస్తృతమైనదో వేరే చెప్పనక్కరలేదు. బ్యాంకు ఉద్యోగుల బదిలీలు, సికింద్రాబాదు సైనిక కుటుంబాల రాకపోకలు, హైదరాబాదు–బెంగళూరు మధ్య సాఫ్ట్‌వేరు ఉద్యోగుల మార్పులు ఏడాది పొడుగునా సాగుతూనే ఉంటాయి. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాదు నుంచి వెలగపూడికి తరలినప్పుడు, దానితో పాటు ఉద్యోగుల కాపురాలు కూడా గుంటూరు, విజయవాడల వైపు కదిలాయి. ఈ రవాణాకు ఎక్కువగా వాడే మధ్యతరహా బండిని ఇక్కడివారు ఏ కంపెనీ తయారు చేసినా డీసీఎం అనే అంటారు; 1980ల దశకంలో డీసీఎం, టొయోటా సంస్థలు కలిసి తయారు చేసిన చిన్న లారీల పేరు, ఆ కంపెనీ పోయినా, తెలుగువారి నోట మిగిలిపోయింది.

సంస్థను ఎంచుకోవడానికి ముందు, ఫోనులో మాట్లాడుతున్న మనిషి ఎవరో తెలుసుకోవడం అవసరం. ఈ వ్యాపారంలో మూడు రకాలవారు ఉన్నారు. సొంత లారీలు, సొంత గోదాములు, నెలజీతం మీద పనిచేసే మనుషులు ఉన్నవారు మొదటి రకం. ఆఫీసు, పేరు, కట్టే మనుషులు తమవే అయి, లారీని మాత్రం రోజువారీగా బయటి నుంచి తెచ్చుకునేవారు రెండవ రకం. నగరాలలో కనిపించే చాలా సంస్థలు ఈ కోవకే చెందుతాయి, ఇందులో తప్పేమీ లేదు. ఇవేవీ లేకుండా, ఇంటర్నెట్టులో వివరాలు నింపిన కుటుంబం ఫోను నంబరును సంపాదించి, ధర కుదిర్చి, పనిని మరొకరికి అప్పజెప్పి, మధ్య కమీషను తీసుకునే దళారులు మూడవ రకం. ఒక్కచోట నంబరు ఇవ్వగానే గంటలోపు అయిదారు ఫోన్లు రావడానికి కారణం ఇదే. దళారి కుదిర్చిన ధర పని చేసేవాడికి గిట్టకపోతే, ఆ లోటు లారీ ఎక్కిన సామాను మీద పడుతుంది.

ఈ ముగ్గురి బాధ్యతనూ చట్టం వేరు చేయలేదు. 1865 నాటి పాత క్యారియర్స్ చట్టం స్థానంలో పార్లమెంటు 2007లో రోడ్డు రవాణా వాహకుల చట్టాన్ని చేసింది. అది 2011 మార్చి 1 నుంచి అమలులో ఉంది. అందులో కామన్ క్యారియర్ అనే మాటకు, అంటే అడిగినవారందరి సరుకునూ కిరాయికి రోడ్డు మీద చేరవేసే వ్యాపారి అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో, సరుకును సేకరించేవారు, నిలవ చేసేవారు, బుకింగు సంస్థలు, ఏజెంట్లు, దళారులు కూడా చేరి ఉన్నారు. కనుక నష్టం జరిగాక, తాము మధ్యవర్తులం మాత్రమేనని, లారీవాడిని అడగమని చెప్పే మాటకు చట్టంలో బలం లేదు. ఇటువంటి వ్యాపారి రవాణా శాఖ అధికారి వద్ద నమోదు కావాలి. ఆ ధ్రువపత్రం పదేళ్లు చెల్లుతుంది. దాని నకలు అడగడం కుటుంబానికి ఉన్న హక్కని, అడిగినప్పుడు మాట మార్చేవారితో వ్యవహారం అక్కడితో ఆపడం మేలని గట్టిగా చెప్పవచ్చు.

జీఎస్టీ నంబరును పరీక్షించడం మరొక సులువైన మార్గం. దీన్ని చూడటానికి అయిదు నిమిషాలు చాలు. ఆ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని తెలుపుతాయి. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తరువాతి పది స్థానాలలో ఉన్నది వ్యాపారి పాన్ నంబరు. పాన్‌లో నాలుగవ అక్షరం, అంటే మొత్తం నంబరులో ఆరవది, ఆ వ్యాపారి స్వరూపాన్ని చెబుతుంది: సీ అయితే కంపెనీ, ఎఫ్ అయితే భాగస్వామ్య సంస్థ, పీ అయితే ఒక వ్యక్తి. కొటేషను కాగితం మీద ప్రైవేట్ లిమిటెడ్ అని అచ్చు వేసి, నంబరులో ఆరవ స్థానంలో పీ ఉన్నదంటే, ఆ కాగితమూ ఆ నంబరూ ఒకరివి కావు. జీఎస్టీ పోర్టలులో ఆ నంబరు వేస్తే చట్టబద్ధమైన పేరు, చిరునామా, నమోదు ఇంకా చెల్లుతున్నదా లేదా అన్నది కనిపిస్తాయి. ప్రసిద్ధ సంస్థల పేర్లను ఒకటి రెండు అక్షరాలు మార్చి పెట్టుకునే అలవాటు ఈ రంగంలో బాగా ఉన్నందువల్ల, బోర్డు మీది పేరు కంటే పోర్టలులోని పేరే నమ్మదగినది. చిన్న వ్యాపారికి జీఎస్టీ నమోదు లేకపోవడం నేరం కాకపోవచ్చు. కానీ నమోదు లేనివాడు పన్ను పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయరాదు.

ప్రకటనలలో తరచుగా కనిపించే ఐబీఏ అప్రూవ్డ్ అనే ముద్ర గురించి ఒక అపోహ తొలగాలి. ఐబీఏ అంటే భారతీయ బ్యాంకుల సంఘం. వర్తకులు సరుకు పంపి, లారీ రసీదును ఆధారంగా చూపి బ్యాంకులో బిల్లు మీద డబ్బు తీసుకునేటప్పుడు, ఆ రసీదు ఇచ్చిన రవాణాదారు నమ్మదగినవాడేనా అని బ్యాంకులు చూసుకోవడానికి ఆ సంఘం జాబితా తయారు చేస్తుంది. గాజు సామాను పగలకుండా కట్టడం గురించి గానీ, ఇల్లు మారే కుటుంబంతో మర్యాదగా నడుచుకోవడం గురించి గానీ ఆ జాబితా ఏమీ చెప్పదు. బదిలీ ఖర్చును ఆఫీసు నుంచి రాబట్టుకోవలసిన ఉద్యోగికి కొన్నిచోట్ల అటువంటి సంస్థ బిల్లు కావలసి రావచ్చు. అంతకు మించి ఆ ముద్రకు విలువ కట్టనవసరం లేదు.

ధర విషయానికి వస్తే, ఇల్లు చూడకుండా చెప్పిన ధరను ధరగా లెక్కించరాదు. మంచి సంస్థ మనిషిని పంపుతుంది, లేదా వీడియో కాల్‌లో ప్రతి గదినీ, అటకనూ, బాల్కనీనీ చూస్తుంది. అటక మీద ఉన్నదే చివరకు అరలారీ అవుతుందని అనుభవం ఉన్న సర్వేయరుకు తెలుసు. వారు లెక్కించేది బరువును కాదు, సామాను ఆక్రమించే చోటును. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగులలో గుణిస్తే వచ్చే ఘనపుటడుగులనే ఈ వృత్తిలో సీఎఫ్‌టీ అంటారు. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న బీరువా సుమారు 29 ఘనపుటడుగులు; రెండు బీరువాలకు 58. ఫ్రిజ్ 22, వాషింగ్ మెషీన్ 12, రెండు డబుల్ కాట్ పరుపులు 36; రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న అట్టపెట్టెలు ముప్ఫయి ఉంటే 135. సోఫా, విప్పిన మంచాలు, భోజనాల బల్ల, టీవీ కలిపి మరొక 130 అనుకుంటే, రెండు పడకగదుల ఇంటి సామాను దాదాపు 393 అవుతుంది. పద్నాలుగు అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న బండిలో ఆరడుగుల ఎత్తుకు పేరిస్తే 504 ఘనపుటడుగులు. అందులో సందులకూ మెత్తలకూ అయిదవ వంతు పోతే మిగిలేది 400. అంటే ఆ ఇంటికి పద్నాలుగు అడుగుల బండి సరిగ్గా సరిపోతుంది, మోటారు సైకిలు కూడా ఎక్కాలంటే పదిహేడు అడుగుల బండి కావాలి. ఈ లెక్కను కుటుంబం తానే ఒక కాగితం మీద వేసుకున్నప్పుడు, ఎవరు అవసరానికి మించిన బండిని అంటగడుతున్నారో, ఎవరు చిన్న బండి ధర చెప్పి తరువాత రెండవ ట్రిప్పు వేయబోతున్నారో తేటతెల్లమవుతుంది.

బండి మొత్తం ఒకే కుటుంబానికి కేటాయిస్తే ఫుల్ లోడ్ అని, పలువురి సామాను కలిపి తీసుకువెళితే పార్ట్ లోడ్ అని అంటారు. రెండవ పద్ధతిలో కిరాయి తగ్గుతుంది గానీ, సామాను మధ్యలో గోదాములో దిగి మరొక బండి ఎక్కవచ్చు. హైదరాబాదు నుంచి విశాఖపట్నానికి ఫుల్ లోడ్ బండి మరునాటికి చేరుతుంది. పార్ట్ లోడ్ అయితే బండి నిండే దాకా ఆగాలి, కనుక వారం పట్టినా ఆశ్చర్యం లేదు. గాజు, చెక్క, ఎలక్ట్రానిక్ వస్తువులకు ప్రతి అదనపు ఎత్తుడు దింపుడూ ఒక గండమే కాబట్టి, సామాను సగం బండికి పైగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ ఇచ్చి అయినా ఫుల్ లోడ్ తీసుకోవడమే మంచిది. ఏ పద్ధతి ఒప్పుకున్నారో, మధ్యలో బండి మారుస్తారో లేదో కొటేషనులో రాయించుకోవాలి. అదే కాగితంలో అంతస్తుల మోత కూలి, లిఫ్టు లేకపోతే అదనంగా అడిగేది, ఏసీ విప్పే ఖర్చు, టోలు, జీఎస్టీ కలిసి ఉన్నాయా లేవా అన్నది కూడా ఉండాలి.

ఈ వ్యవహారమంతటికీ ప్రాణం లాంటివి మూడు కాగితాలు. మొదటిది సామాను జాబితా: ప్రతి పెట్టెకూ ఒక అంకె వేసి, అందులో ఏమి ఉన్నదో, పెద్ద వస్తువులకు ఇప్పటికే గీతలు, సొట్టలు ఉన్నాయో లేవో రాసి, ఇరువైపులా సంతకం చేసే పట్టిక. వంట సామాను, ఒక పెట్టె అని రాసిన జాబితా ఎందుకూ పనికిరాదు. మిక్సీ ఒకటి, జారులు మూడు, ఇత్తడి బిందె ఒకటి అని రాసినదే జాబితా. రెండవది గూడ్స్ ఫార్వర్డింగ్ నోట్, అంటే సామాను పంపే వ్యక్తి దాని వివరాలనూ విలువనూ ప్రకటిస్తూ రవాణాదారుకు రాసి ఇచ్చే పత్రం. మూడవది దానికి ప్రతిగా రవాణాదారు ఇచ్చే గూడ్స్ రసీదు. లారీ ఆఫీసులలో దీన్నే ఎల్‌ఆర్ అంటారు. రసీదులో రాసి ఉన్న వివరాలకే ప్రాథమిక సాక్ష్యం విలువ ఉంటుంది. ఈ మూడింటిలో ఒక్కటీ లేకుండా, వాట్సాప్‌లో వచ్చిన ధర మెసేజి ఒక్కటే ఆధారంగా జీవితకాలపు సొత్తును బండికెత్తే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఈ విషయం గురించి నొక్కి చెప్పవలసి రావడానికి కారణం అదే.

పరిహారం విషయంలో చాలామందికి తెలియని ఒక నియమం ఉంది. రోడ్డు రవాణా వాహకుల చట్టం కింద చేసిన 2011 నాటి నిబంధనల ప్రకారం, సామాను పోయినా పాడైనా రవాణాదారు బాధ్యత సాధారణంగా కిరాయికి పది రెట్ల వరకే పరిమితం. అది కూడా నోట్‌లో ప్రకటించిన విలువను మించరాదు. రవాణా కిరాయి 11,000 రూపాయలు అని రసీదులో ఉంటే గరిష్ఠ పరిమితి 1,10,000. ఇంట్లో సామాను నాలుగు లక్షల విలువైనదైనా సరే. పన్ను తగ్గుతుందన్న ఆశతో, ఆ కిరాయిని 5,000 అని రాయించుకుని మిగతాది చేతికిచ్చిన కుటుంబానికి ఆ పరిమితి 50,000కు పడిపోతుంది. బిల్లు వద్దనుకున్నవారికి లెక్క మొదలుపెట్టడానికి ఆధారమే ఉండదు. ఈ హద్దును దాటాలంటే, అధిక పూచీ రేటు చెల్లించడానికి, అంటే ఎక్కువ విలువకు బాధ్యత పడినందుకు రవాణాదారు నిర్ణయించిన అదనపు రేటు ఇవ్వడానికి, ముందుగానే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పెద్ద అక్షరాలతో ఓనర్స్ రిస్క్ అని రసీదు మీద అచ్చు వేసి ఉన్నంత మాత్రాన కుటుంబం నోరు మూసుకోనక్కరలేదు. నష్టం రవాణాదారు నిర్లక్ష్యం వల్లనే జరిగిందని నిరూపించే భారాన్ని చట్టం సామాను యజమాని మీద పెట్టలేదు.

ఇక్కడే బీమా అనే మాట దగ్గర పెద్ద గందరగోళం ఉంది. కొటేషనులో ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ అనీ, ఎఫ్‌ఓవీ అనీ, సామాను విలువ మీద నూటికి ఇంత అని ఒక మొత్తం కనిపిస్తుంది. ఎఫ్‌ఓవీ అంటే ఫ్రైట్ ఆన్ వాల్యూ. విలువను బట్టి రవాణాదారు తన పూచీకి తానే తీసుకునే రుసుము. అది బీమా కాదు. దాని విలువ ఆ రవాణాదారు మాట విలువంతే. నిజమైన బీమా అంటే బీమా కంపెనీ పేరుతో, పాలసీ నంబరుతో, బయలుదేరే తేదీతో, సామాను యజమాని పేరు మీద వచ్చే పత్రం. దేశంలో లారీ మీద పోయే సామానుకు ఇచ్చే ఈ పాలసీ కూడా మెరైన్ బీమా కుటుంబానికే చెందుతుంది. సముద్రపు పేరు చూసి ఎవరూ సందేహించనక్కరలేదు. ఇందులో షరతులు ‘ఏ’, ‘బీ’, ‘సీ’ అని మూడు తరగతులుగా ఉంటాయి. సీ తరగతిలో నిప్పు, పిడుగు వంటి ప్రమాదాలకే రక్షణ. బీ తరగతిలో వాటికి తోడు బండి గుద్దుకోవడం, బోల్తా పడటం, వంతెన కూలడం చేరతాయి. ‘ఏ’ తరగతిలో మినహాయింపులు పోను మిగతా ప్రమాదాలన్నింటికీ రక్షణ ఉంటుంది. ఇల్లు మారే సామానుకు సాధారణంగా జరిగే నష్టం, అంటే దించేటప్పుడు గాజు బల్ల పగలడం, ఒక పెట్టె మాయం కావడం, బీ, సీ తరగతులకు అందదు. ‘ఏ’ తరగతిలో కూడా సరిగా కట్టకపోవడం వల్ల కలిగిన నష్టాన్ని మినహాయిస్తారు. కనుక ఇంటివారు స్వయంగా కట్టిన పెట్టెలను సంస్థ వారి చేత మరల విప్పించి కట్టించడం, లేదా ఆ పెట్టెలలో విలువైనవి పెట్టకపోవడం విజ్ఞత.

కట్టే పనిని ఒక పూట దగ్గరుండి గమనిస్తే సంస్థ స్థాయి తెలిసిపోతుంది. చేయి తిరిగినవాడు పళ్లేలను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టడు. కాగితం చుట్టి, పుస్తకాలలా నిలువుగా నిలబెడతాడు, ఎందుకంటే అడుగు నుంచి వచ్చే కుదుపు పడుకున్న పళ్లేన్ని విరుస్తుంది గానీ నిలబడిన పళ్లేన్ని అంత తేలికగా విరవలేదు. పుస్తకాలను చిన్న పెట్టెలలోనే వేస్తాడు. మంచం విప్పిన మరలను ఒక కవరులో వేసి, ఆ మంచం చట్రానికే టేపుతో అంటిస్తాడు. ముందు తలుపు ఉండే వాషింగ్ మెషీన్‌ను కదిపే ముందు దాని వెనుక ట్రాన్సిట్ బోల్టులు బిగించాలని, లేకపోతే లోపలి డ్రమ్ము ఊగి దెబ్బతింటుందని అతనికి తెలుసు. ఆ బోల్టులు ఎక్కడ దాచారని అతడే ఇంటివారిని అడుగుతాడు. ఫ్రిజ్‌ను ముందురోజే ఆపి, నీరు తుడిచి, నిలువుగానే ఎక్కిస్తాడు.

తెలుగు ఇంటి సామానులో అన్నింటికంటే ఇబ్బంది పెట్టేది ఆవకాయ జాడీ. నూనె ఉన్న పచ్చడిని చాలా సంస్థలు జాబితాలో చేర్చుకోవు. జాడీ పగిలితే పోయేది పచ్చడి ఒక్కటే కాదు, ఆ నూనె పక్కనున్న పరుపులకూ బట్టలకూ పడుతుంది. పచ్చడిని స్టీలు డబ్బాలలోకి మార్చి, మూతకు ప్లాస్టిక్ కాగితం, గుడ్డ కట్టి కుటుంబం తన వెంటే తీసుకువెళ్లడం, ఖాళీ జాడీని కడిగి ఆరబెట్టి, లోపల కూడా కాగితం కూరి పంపడం మేలైన పద్ధతి. బంగారం, ఇంటి దస్తావేజులు, చదువుల సర్టిఫికెట్లు, మందులు ఎట్టి పరిస్థితిలోనూ లారీ ఎక్కరాదు. గ్యాస్ సిలిండరును ఏజెన్సీకి అప్పగించి బదిలీ పత్రం తీసుకోవాలి. మోటారు సైకిలు ట్యాంకులో పెట్రోలు తీసివేసి, ఆర్‌సీ, బీమా నకళ్లు ఇవ్వాలి. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలి కనుక, పాత ఊరు వదిలే ముందే రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకోవడం తిప్పలు తగ్గిస్తుంది.

తేదీ ఎంపిక కూడా ఖర్చులో భాగమే. ఆషాఢంలోనూ మూఢంలోనూ ఇల్లు మారని ఆచారం వల్ల ఆ రోజులలో బండ్లు ఖాళీగా ఉంటాయి. మూఢం వెళ్లిన మొదటి మంచి రోజున, శ్రావణమాసపు ముహూర్తాలలో, నెలాఖరులలో, బడుల వేసవి సెలవుల చివర ఒక్కసారిగా అందరూ కదులుతారు. ఆచారాన్ని విడిచిపెట్టకుండానే ఈ రద్దీని తప్పించుకునే మార్గం ఉంది: పాలు పొంగించడం ముహూర్తానికే చేసుకుని, సామాను మాత్రం రెండు మూడు రోజుల తరువాత వారం మధ్యలో తెప్పించుకోవచ్చు. రద్దీ రోజున ఒకే జట్టు పొద్దున ఒక ఇల్లు, సాయంత్రం మరొక ఇల్లు ఎత్తుతుంది. రెండవ ఇంటికి వచ్చేసరికి వారి చేతులలో సత్తువ ఉండదు. అపార్టుమెంటు సంఘం లిఫ్టు వాడకానికి ఇచ్చే సమయం, నగరంలో భారీ వాహనాలను పగలు అనుమతించని దారులు కూడా ముందుగా కనుక్కుంటే, ఆ మనుషులు ఎండలో బండి దగ్గర పడిగాపులు కాయవలసిన పని ఉండదు. నాలుగు అంతస్తులు ఫ్రిజ్‌ను వీపు మీద మోసే హమాలీ కూలిని తగ్గించే, ఆరుగురు చేయవలసిన పనికి ముగ్గురిని పంపే సంస్థ చౌక ధర చెప్పగలుగుతుంది. ఆ చౌక ఎవరి నడుము మీద పడుతున్నదో ధర కుదుర్చుకునేవారు ఆలోచించాలి. ఎంతమందిని పంపుతారని అడిగి కొటేషనులో రాయించుకోవడం ఆ హమాలీలకూ, సామానుకూ మంచిదే.

ఈ రంగంలో అన్నింటికంటే బాధాకరమైన మోసం సామాను ఎక్కించిన తరువాత జరుగుతుంది. ఇల్లు ఖాళీ అయి, తాళం యజమానికి ఇచ్చేసి, పిల్లలతో రైలెక్కబోయే సమయంలో, సామాను అనుకున్నదానికంటే ఎక్కువైందనీ, చెకుపోస్టు పన్ను కట్టాలనీ, ఈ-వే బిల్లు కావాలనీ ఫోను వస్తుంది. ఇవ్వకపోతే బండి కదలదు. ఇందులో కొన్ని మాటలు పూర్తిగా అబద్ధం. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకోవలసిన ఎలక్ట్రానిక్ అనుమతి, అవసరమే లేదు. ఆక్ట్రాయి వంటి ప్రవేశ పన్నులు 2017 జులై 1న జీఎస్టీ రావడంతో అందులో కలిసిపోయాయి. ఇటువంటి అదనపు వసూళ్ల విషయంలో, అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి జరిగే తరలింపులలో, కట్టుబడని అంచనా, అంటే తుది ధర మారవచ్చని చెప్పి ఇచ్చిన అంచనా మీద, దించే రోజున ఆ అంచనాలో 110 శాతానికి మించి అడగరాదని సమాఖ్య నిబంధన ఉంది. డాలస్ నుంచి న్యూజెర్సీకి ఇల్లు మారే తెలుగు కుటుంబం ఆ మొత్తం చెల్లిస్తే సామాను దించి తీరాలి, మిగతా లెక్క తరువాతే. అయితే అక్కడ కూడా ఉచితంగా వచ్చే కనీస పూచీ ఒక్కో వస్తువుకు పౌనుకు 60 సెంట్లే. యాభై పౌన్ల టీవీ పగిలితే చేతికి వచ్చేది 30 డాలర్లు. 110 శాతం వంటి స్పష్టమైన హద్దు భారతదేశంలో కూడా రావాలి. అది వచ్చే దాకా రక్షణ చెల్లింపు వరుసలోనే ఉంది: బయానాగా కొద్ది మొత్తం, ఎక్కించాక కొంత, దించి లెక్క చూసుకున్నాక చెప్పుకోదగిన భాగం అని కొటేషనులో రాయించుకుని, డబ్బును జీఎస్టీ పోర్టలులో కనిపించిన పేరు గల ఖాతాకే పంపాలి. బండి నంబరు పలకనూ, డ్రైవరు లైసెన్సునూ కదిలే ముందే ఫొటో తీసుకోవాలి.

కొత్త ఇంటి గుమ్మం దగ్గర జాబితా పట్టుకుని ఒకరు నిలబడి, ప్రతి పెట్టె అంకెనూ టిక్కు పెట్టుకోవాలి. హమాలీలు తొందరపెట్టినా, చీకటి పడినా, డెలివరీ కాగితం మీద అంతా సరిగా ముట్టింది అన్న వాక్యం కింద చూడకుండా సంతకం చేయరాదు. విరిగిన వస్తువు పేరు, తగ్గిన పెట్టె అంకె ఆ కాగితం మీదనే రాసి, ఫొటో తీసి, తరువాత సంతకం చేయాలి. నష్టానికి రవాణాదారుకు రాతపూర్వకమైన నోటీసు ఇవ్వడానికి చట్టం ఇచ్చిన గడువు 180 రోజులు. ఆ లెక్క సామాను దించిన రోజు నుంచి కాక, బుక్ చేసిన రోజు నుంచి మొదలవుతుంది. బాగు చేయిస్తామని నెలల తరబడి వాయిదాలు వేసే సంస్థల వల్ల ఈ గడువు దాటిపోయినవారు ఉంటారు కనుక, మాటలు సాగుతూ ఉన్నా నోటీసు మాత్రం స్పీడ్ పోస్టులో వెంటనే పంపాలి.

అప్పటికీ న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరులో ఫిర్యాదు నమోదు చేసుకుంటుంది. ఆ తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తెచ్చిన మార్పులలో ఇల్లు మారినవారికి బాగా పనికివచ్చేది ఒకటుంది: సంస్థ ఆఫీసు ఏ ఊరిలో ఉన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే కేసు వేయవచ్చు. హైదరాబాదులో సామాను ఎక్కించుకున్న సంస్థ మీద విశాఖపట్నంలో కొత్తగా కాపురం పెట్టిన కుటుంబం విశాఖపట్నంలోనే ఫిర్యాదు చేయవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉన్నంత వరకు రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, రెండేళ్ల గడువు ఉంది. అక్కడ చూపవలసినవి జాబితా, గూడ్స్ రసీదు, చెల్లింపు వివరాలు, డెలివరీ కాగితం మీద ఆ సాయంత్రం చేత్తో రాసిన రెండు పంక్తులు.